బాల్సా షీట్‌ని ముందు తూకం వేయండి, తర్వాత గ్రెయిన్ చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాల్సా అనే తేలిక చెక్కతో 1.2 మీటర్ల మోడల్ గ్లైడర్ (ఇంజిన్ లేకుండా ఎగిరే చిన్న విమానం) కట్టారు, ప్లాన్ మీద "1.5 మి.మీ. బాల్సా", "3 మి.మీ. బాల్సా" అని తప్ప ఇంకేమీ లేదు, విరక్కుండా ఉంటుందని ఉన్నవాటిలో గట్టి షీట్లే ఏరి తెచ్చుకున్నారు. ఇప్పుడు ముక్కులో ఎంత సీసం పెట్టినా తోక బరువు తగ్గడం లేదు, రెక్కల మీద వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ ఫిల్మ్ వేశాక కుడి రెక్క మెలి తిరిగింది. రెండోది కట్టేముందు ఎలాంటి బాల్సా తీసుకోవాలి అని అడిగారు.

మీరు చెప్పిన రెండు సమస్యలూ కట్టడంలో వచ్చినవి కావని నా నమ్మకం. చెక్క ఎంచుకునే దగ్గరే వచ్చాయి. ఒకే పేరుతో అమ్ముతారు కానీ బాల్సా షీట్‌కీ షీట్‌కీ ఉండే తేడా ఇంకే చెక్కలోనూ నేను చూడలేదు. ఒక షీట్ చేతిలో పెడితే ఉందో లేదో తెలియదు, పక్కదే అదే కొలతతో మూడింతల బరువు ఉంటుంది. రెండూ బాల్సానే, రెండూ మంచివే. ఏది ఎక్కడ వాడాలో తెలియాలి, అంతే.

ఎందుకింత తేడా అంటే, బాల్సా చాలా వేగంగా పెరిగే చెట్టు. బూరుగు, పత్తి, మందారం ఉండే మాల్వేసీ కుటుంబానిదే. మధ్య, దక్షిణ అమెరికా వేడి అడవుల్లో పుట్టింది, మనం వాడే కలపలో ఎక్కువ భాగం ఈక్వడార్ నుంచి వస్తుంది. ఆరు నుంచి పదేళ్లలో కోతకు వచ్చేస్తుంది. పెద్ద పెద్ద కణాలు, పల్చటి గోడలు, వాటి నిండా నీళ్లు. కోసి బట్టీలో ఆరబెడితే ఆ నీళ్లు పోయి గాలి మిగులుతుంది. చెట్టు ఎంత వేగంగా పెరిగింది, షీట్ దుంగలో ఏ భాగం నుంచి వచ్చింది అన్నదాన్ని బట్టి కణాల గోడల మందం మారిపోతుంది. అందుకే క్యూబిక్ మీటరుకు 65 కిలోల బాల్సా ఉంటుంది, 250 కిలోలు దాటిన బాల్సా కూడా ఉంటుంది. వృక్షశాస్త్రం ప్రకారం ఇది హార్డ్‌వుడ్ కింద లెక్క, కాబట్టి ఆ మాట చూసి ఏమీ తేల్చుకోకండి.

నేను షీట్ చేతికి రాగానే మొదట చేసే పని తూకం. 0.1 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా చాలు. పొడవు, వెడల్పు, మందం మూడూ సెంటీమీటర్లలో గుణించండి, వచ్చినదానితో గ్రాముల బరువుని భాగించి వెయ్యితో గుణించండి. ఉదాహరణకి మీటరు పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 1.5 మి.మీ. మందం ఉన్న షీట్ అంటే 150 క్యూబిక్ సెంటీమీటర్లు. అది 15 గ్రాములు తూగితే సాంద్రత 100, 21 గ్రాములు తూగితే 140, 30 గ్రాములైతే 200. విదేశీ ప్లాన్లలో క్యూబిక్ అడుగుకి ఇన్ని పౌండ్లు అని రాస్తారు, ఆ అంకెని 16తో గుణిస్తే మన లెక్కలోకి వస్తుంది. 6 పౌండ్లంటే 96, 10 పౌండ్లంటే 160. మందం మాత్రం షీట్ మీద రాసింది నమ్మకండి, వెర్నియర్‌తో నాలుగు మూలలా కొలవండి. 1.5 అని రాసినది 1.7 ఉంటే లెక్కంతా తప్పుతుంది.

నా వాడకంలో 80 నుంచి 110 మధ్య ఉన్నవి తేలికవి, 120 నుంచి 160 వరకు మధ్యరకం, 180 పైన గట్టివి. 80 కంటే తక్కువ ఉన్నవి గదిలో ఎగరేసే సన్నటి మోడల్స్‌కి బంగారం లాంటివి కానీ మీ గ్లైడర్‌కి వద్దు, పట్టుకుంటేనే వేలి గుర్తు పడిపోతుంది.

ఇప్పుడు మీ తోక సంగతి. చిన్న లెక్క చూడండి. అడ్డ తోక 40 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 3 మి.మీ. మందం అనుకుందాం, అంటే 120 క్యూబిక్ సెంటీమీటర్లు. సాంద్రత 200 ఉన్న షీట్‌తో చేస్తే 24 గ్రాములు, 100 ఉన్నదానితో చేస్తే 12 గ్రాములు. తేడా 12 గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ తోక సీజీ (గురుత్వ కేంద్రం, మోడల్ ముందుకీ వెనక్కీ ఒరగకుండా తూగే చోటు) నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో, ముక్కులో సీసం పెట్టే చోటు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెనక ఉన్న ప్రతి గ్రాముకీ ముందు మూడు గ్రాములు పెట్టాలి. ఆ 12 గ్రాముల కోసం 36 గ్రాముల సీసం. మొత్తం కలిపి 48 గ్రాములు ఏ పనికీ రాకుండా ఆ గ్లైడర్ మోస్తూ తిరగాలి. నిలువు తోక, తోక దగ్గరి ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) కూడా గట్టి చెక్కే అయితే ఇంకెంత పెరుగుతుందో మీరే వేసుకోండి. అందుకే నా దగ్గరికి కొత్త షీట్లు వచ్చినప్పుడు అన్నిటికన్నా మంచి తేలిక షీట్ ముందు తోకకి తీసి పక్కన పెట్టేస్తాను, మిగతా భాగాలన్నీ దాని తర్వాతే.

అయితే తేలికది అయినంత మాత్రాన సరిపోదు, రెండో విషయం గ్రెయిన్, అంటే దుంగలోంచి షీట్‌ని ఎటువైపుగా కోశారన్నది. ఇది చాలామంది పట్టించుకోరు, నాకు తెలిసి మీ రెక్క మెలి తిరగడానికి సగం కారణం ఇదే.

దుంగని అడ్డంగా కోసి చూస్తే వలయాలు ఊహించుకోవచ్చు కదా. ఆ వలయాల వెంబడే షీట్ కోస్తే దాన్ని 'ఏ' (A) గ్రెయిన్ అంటాం. మధ్యలోంచి బయటికి, వలయాలని చీల్చుకుంటూ కోస్తే అది 'సీ' (C) గ్రెయిన్. రెండిటికీ మధ్య ఎలాపడితే అలా వచ్చేది 'బీ' (B) గ్రెయిన్, మార్కెట్లో ఎక్కువ దొరికేది అదే. కంటితో గుర్తుపట్టడం కష్టం కాదు. షీట్‌ని కిటికీ వెలుతురుకి కొంచెం ఏటవాలుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. సీ గ్రెయిన్ అయితే చేప పొలుసుల్లా చిన్న చిన్న మచ్చలు మెరుస్తూ కనిపిస్తాయి, తిప్పేకొద్దీ మెరుపు జరుగుతుంది. ఏ గ్రెయిన్‌లో ఆ మెరుపు ఉండదు, పొడుగ్గా సన్నటి గీతలు మాత్రం కనిపిస్తాయి. అనుమానం ఉంటే చేత్తో చూడండి. షీట్ రెండు పొడవాటి అంచులనీ వేళ్లతో పట్టుకుని వెడల్పులో గొట్టంలా చుట్టబోండి. ఏ గ్రెయిన్ కాగితంలా లొంగుతుంది. సీ గ్రెయిన్ అసలు లొంగదు, ఇంకొంచెం బలం పెడితే "టప్" మని పొడవునా నిలువుగా చీలిపోతుంది, కాబట్టి మెల్లగా చూడండి.

దీన్నిబట్టి వాడకం తెలిసిపోతుంది. వంగాల్సిన చోట ఏ గ్రెయిన్, బల్లపరుపుగా ఉండాల్సిన చోట సీ గ్రెయిన్. లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) మీద చుట్టే షీటింగ్ (పల్చటి షీట్ తొడుగు), గుండ్రటి ఫ్యూజిలాజ్ పై కప్పు ఇవన్నీ ఏ గ్రెయిన్ పని. బయటివైపు కాస్త తడిచేస్తే ఇంకా సులువుగా వంగుతుంది. సీ గ్రెయిన్‌ని ఎంత నానబెట్టినా ఆ వంపు రాదు, పగులుతుంది. తోక పలకలు, రిబ్స్ (రెక్కకి ఆకారం ఇచ్చే అడ్డ ముక్కలు), ట్రెయిలింగ్ ఎడ్జ్ (రెక్క వెనక అంచు), ఫ్యూజిలాజ్ లోపలి ఫార్మర్లు (అడ్డ పలకలు) సీ గ్రెయిన్‌తో చేయండి. ఏ గ్రెయిన్ షీట్‌తో పలక తోక చేస్తే గాలిలో తేమ మారినప్పుడల్లా దొప్పలా వంగుతుంది, ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ వంగుతుంది. సీ గ్రెయిన్ చాలా మటుకు నిటారుగా నిలబడుతుంది. స్పార్ (రెక్క పొడవునా వెళ్లే ముఖ్యమైన బద్ద), లాంజెరాన్ (ఫ్యూజిలాజ్ పొడవునా వెళ్లేది) లాంటి బద్దలకి ఏ, సీ తేడా అంత ముఖ్యం కాదు, నారలు ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా ఉన్నాయా లేదా అన్నదే చూడాలి.

మీ కుడి రెక్క గురించి. ఫిల్మ్ వేడికి ముడుచుకుంటూ రెక్కని లాగుతుంది. రెండు రెక్కల ట్రెయిలింగ్ ఎడ్జ్‌లు ఒకే గట్టిదనంతో ఉంటే, ఫిల్మ్ కూడా సమంగా వేస్తే, లాగుడు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఒకవైపు బద్ద మెత్తనిది అయితే అటువైపు మెలి పడుతుంది. మీరు అన్నీ గట్టి షీట్లే అన్నారు, కానీ తూకం వేయలేదు కాబట్టి ఒకటి 170, ఇంకోటి 240 అయి ఉండొచ్చు, గ్రెయిన్ కూడా వేరై ఉండొచ్చు, చేతికి రెండూ గట్టిగానే తగులుతాయి. ఈసారి ఎడమ, కుడి ట్రెయిలింగ్ ఎడ్జ్‌లు ఒకే షీట్ నుంచి పక్కపక్కనే కోయండి. స్పార్‌లు కూడా అంతే. ఇంతకుమించిన మందు నాకు తెలియదు. ఇప్పటి రెక్కని పారేయకండి, ఎదురు దిశలో కొంచెం ఎక్కువే మెలిపెట్టి పట్టుకుని ఫిల్మ్‌ని మళ్లీ వేడిచేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఈ జత కలపడం అనేది ఫ్యూజిలాజ్‌లో ఇంకా ముఖ్యం. నేను నేర్చుకున్నది ఒక 1.5 మీటర్ల ట్రైనర్ (ఎగరేయడం నేర్చుకునే మోడల్) మీద. 3 మి.మీ. షీట్లు రెండు తీసుకుని పక్క గోడలు కోశాను, ఒకటి 36 గ్రాములు, ఇంకోటి 54 గ్రాములు అని తర్వాత మిగిలిన ముక్కలు తూచి లెక్కవేస్తే తేలింది. ముందు భాగంలో ఫార్మర్లు పెట్టి అతికించినంతసేపు బాగానే ఉంది. తోక దగ్గర రెండు గోడల్నీ దగ్గరికి లాగి క్లిప్ పెట్టగానే, మెత్తటి గోడ చక్కగా వంగింది, గట్టి గోడ కదల్లేదు. జిగురు ఆరాక పైనుంచి చూస్తే తోక గట్టి గోడ వైపు దాదాపు 8 మి.మీ. పక్కకి పోయింది. అది ఎగిరినన్నాళ్లూ రడ్డర్ (నిలువు తోక చివర తిరిగే పలక) ట్రిమ్ ఒకవైపే ఉండేది, మెల్లగా దిగేటప్పుడు ఎప్పుడూ ఒకే రెక్క జారేది. ఆ రోజు నుంచి గోడలు రెండూ ఒకే బరువు, ఒకే వంపు ఉన్నవి దొరికేదాకా పని మొదలుపెట్టను. తూకం కలిసినా సరే, రెండిటినీ బల్ల అంచున ఒకే పొడవు బయటికి పెట్టి చివర ఒకే చిన్న బరువు తగిలించి, రెండూ ఒకేలా వంగుతున్నాయా అని చూస్తాను. ఒకే సాంద్రత ఉన్న రెండు షీట్లలో కూడా వంపు తేడా ఉంటుంది, అది కాటా చెప్పదు.

గట్టిదైతే విరగదు అన్న మీ ఆలోచన దగ్గరికి వస్తాను, ఎందుకంటే అది సగం నిజం. బాల్సా బలం దాదాపు బరువుతో పాటే పెరుగుతుంది, అది కరెక్టే. కానీ పలక వంగకుండా ఉండటంలో మందం చేసే మేలు చాలా ఎక్కువ. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అంటే సాంద్రత 200 ఉన్న 1 మి.మీ. షీట్, 100 ఉన్న 2 మి.మీ. షీట్ బరువులో సమానమే, కానీ రెండోది సుమారు నాలుగు రెట్లు బిగువుగా నిలబడుతుంది. తేలిక చెక్క విలువ అంతా అక్కడే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో డి హావిలాండ్ మస్కిటో విమానం ఫ్యూజిలాజ్ ఇదే సూత్రం మీద కట్టారు, రెండు పల్చటి బిర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి. బలం ప్లైది, ఆ రెండు పొరల్నీ దూరంగా పట్టి ఉంచే పని బాల్సాది. ఇప్పటి గాలిమరల రెక్కల్లోనూ అందుకే వాడుతున్నారు.

మరి గట్టి బాల్సా ఎక్కడ? మందం పెంచుకునే వీలు లేని చోట. రెక్క స్పార్ పైదీ కిందదీ రిబ్ ఎత్తు లోపలే ఇమడాలి, లాగుడూ నొక్కుడూ అంతా ఆ సన్నటి బద్దే భరించాలి, అక్కడ 180 నుంచి 220 దాకా ఉన్న, నార తిన్నగా పోయే బద్ద పెట్టండి. మోడల్ ఇంకా పెద్దదైతే స్ప్రూస్ అనే ఇంకా గట్టి చెక్కకి వెళ్లిపోవడం మేలు. ఫ్యూజిలాజ్ మూలల్లో పొడవునా వెళ్లే లాంజెరాన్లు కూడా గట్టివే, నాలుగూ ఒకే షీట్ నుంచి. లీడింగ్ ఎడ్జ్ గడ్డికీ రాళ్లకీ తగిలేది కాబట్టి మధ్యరకంలో కాస్త గట్టిది. రిబ్స్ తేలికవి చాలు, 90 నుంచి 110, వాటిని గ్రెయిన్ (ఇక్కడ నారల దిశ) ముందు నుంచి వెనక్కి వచ్చేలా కోయండి. రెక్క మధ్యలో పైస్పార్‌కీ కిందిస్పార్‌కీ మధ్య పెట్టే వెబ్ ముక్కలు మాత్రం గ్రెయిన్ నిలువుగా ఉండాలి, చాలామంది సులువుగా కోయొచ్చని అడ్డంగా పెట్టేస్తారు, అలా పెడితే ఆ ముక్క ఉన్నా లేనట్టే. రెక్క గట్టిగా కట్టే చోట, సర్వో (రడ్డర్ లాంటివి కదిపే చిన్న మోటారు) కూర్చునే చోట బాల్సా మీద ఆధారపడకుండా ప్లై పెట్టండి.

షీట్ ఎంచేటప్పుడు ఇంకో నాలుగు చూపులు. అంచు కంటికి ఆనించుకుని తుపాకీ గురి చూసినట్టు పొడవునా చూడండి, వంపు, మెలి అక్కడే బయటపడతాయి. గీతలు షీట్ అంచుకి సమాంతరంగా వెళ్తున్నాయా, ఏటవాలుగా పక్కకి జారిపోతున్నాయా చూడండి, జారిపోయేదాంట్లోంచి స్పార్ కోస్తే ఆ ఏటవాలు గీత దగ్గరే విరుగుతుంది. మధ్యలో వేలి మీద నిలబెట్టండి. సరిగ్గా సగం దగ్గర నిలబడకుండా ఒకవైపు తూగుతోందంటే ఆ షీట్‌లో ఒక చివర బరువు, ఒక చివర తేలిక, దాన్ని రెండుగా కోసి రెండు రకాలుగా వాడుకోవచ్చు కానీ జతకి పనికిరాదు. పుచ్చు చుక్కలు, పురుగు రంధ్రాలు ఉంటే వద్దు. ఇంకోటి, కొన్ని షీట్లు తూకంలో బాగుంటాయి కానీ పెళుసుగా ఉంటాయి. మూలలో చిన్న బద్ద కోసి వంచి చూస్తే తెలిసిపోతుంది. మంచి బాల్సా విల్లులా వంగి, విరిగేటప్పుడు పొడవాటి నారలు సాగదీస్తూ విరుగుతుంది. పెళుసుది ముందస్తు కబురు లేకుండా "టక్" మని అడ్డంగా, సుద్దముక్కలా తెగుతుంది. అలాంటిది బరువు ఎంత బాగున్నా స్పార్‌కి పెట్టకండి.

స్పార్ బద్దలు ఎంచడానికి నేను చేసే పరీక్ష ఒకటి చెప్తాను. ఒకే పొడవు, ఒకే కొలత బద్దలు కోసి ఒక్కొక్కటీ కాటా మీద నిలువుగా నిలబెట్టి పైనుంచి వేలితో మెల్లగా నొక్కండి. కాటా అంకె పెరుగుతూ పోయి, బద్ద పక్కకి ఉబ్బగానే ఆగిపోతుంది. ఆ పెద్ద అంకె రాసుకోండి. ఎంత ఎక్కువ వస్తే ఆ బద్ద అంత బిగువు. ఒకే బరువున్న బద్దల్లో కూడా ఈ అంకెలు తేడాగా రావడం మీరే చూస్తారు. దగ్గరగా వచ్చిన రెండిటిని ఎడమకొకటి, కుడికొకటి జత చేసుకోండి. పది నిమిషాల పని, గ్లైడర్ తిన్నగా ఎగురుతుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చేత్తో చూసుకునే వీలుండదు. అమ్మేవాళ్లు బరువు చెప్పి ఇస్తారేమో అడగండి. లేదంటే ప్లాన్‌కి కావలసినదాని కంటే మూడో వంతు ఎక్కువ తెప్పించుకుని ఇంట్లో ఏరుకోండి. వచ్చిన రోజే ప్రతి షీట్ మూలలో మెత్తటి పెన్సిల్‌తో సాంద్రత, గ్రెయిన్ అక్షరం రాసిపెట్టండి. పెన్ను వాడొద్దు, బాల్ పెన్ను నొక్కు పడుతుంది, స్కెచ్ పెన్ను రంగు పల్చటి కవరింగ్ కింద కనిపిస్తుంది. దాచేటప్పుడు బల్లపరుపుగా పడుకోబెట్టి పైన కొంచెం బరువు పెట్టండి, గోడకి నిలబెడితే నెలలో వంగిపోతాయి. తేమ ఉన్నచోట పెట్టి తూస్తే బరువు ఎక్కువ చూపిస్తుంది, పొడిగా రెండు రోజులు ఉంచాకే తూచండి. సాండ్ పేపర్ పట్టేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఈ పొడి చాలా సన్నం, ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతుంది.

మీ దగ్గర మిగిలిపోయిన గట్టి షీట్ల గురించి కూడా అడిగారు. పారేయకండి. ఒక్కొక్కటీ తూచి, నార తిన్నగా ఉన్నవి తీసి స్టీల్ స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో బద్దలుగా కోసి ఉంచుకోండి. స్పార్‌లకీ లాంజెరాన్లకీ అంతకంటే మంచిది దొరకదు, రెండో గ్లైడర్‌కే కాదు, మూడోదానికీ సరిపోతాయి. తోకకి కావలసిన 100 లోపు సీ గ్రెయిన్ షీట్ ఒక్కటి, రిబ్స్‌కి అలాంటివే రెండు, షీటింగ్‌కి ఏ గ్రెయిన్ తేలికవి రెండు, ఫ్యూజిలాజ్ గోడలకి జత కలిసిన మధ్యరకం 3 మి.మీ. రెండు, లీడింగ్, ట్రెయిలింగ్ ఎడ్జ్‌లకి మధ్యరకంలో కాస్త గట్టిది ఒకటి. కొత్తగా కొనాల్సింది ఇంతే. షీట్లు వచ్చాక తూకాలు ఇక్కడే రాయండి, ఏది ఎక్కడ పెట్టాలో కలిసి చూద్దాం.